టెక్ సందేహాలు: పదిహేను వేలతో బొటిక్‌కు ఆన్‌లైన్ ప్రచారం

ప్రశ్న: కొత్తపేటలో మాది చిన్న బొటిక్. మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తాం, కారిగర్లు ఇద్దరు. ఆన్‌లైన్ ప్రచారానికి నెలకు రూ.15,000 పెట్టగలం. ఒక ఏజెన్సీ రూ.12,000కు రీల్స్ చేసి, ఐదు వేల మంది ఫాలోవర్లను తెస్తామంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ ఫాలోవర్లు ఏ ఊరివాళ్లో కూడా తెలియదు. కొలతలివ్వడానికి మీ షాపు దాకా రాగలిగేవాళ్లు మీకు కావాలి.

ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. రూ.4,000 బ్లౌజు మీద మెటీరియల్, కూలి పోను రూ.1,200 మిగులుతుందనుకుందాం. అందులో కొత్త కస్టమర్ కోసం రూ.300 వదులుకోగలరా? పాత కస్టమర్ల పని కాక మీ కారిగర్లు నెలకు ఇంకో పదిహేను బ్లౌజులే చేయగలిగితే, యాడ్స్‌కు రూ.4,500 చాలు. అంతకు మించి పెడితే ఆర్డర్లు వస్తాయేమో గానీ డెలివరీ తప్పుతుంది. ముహూర్తానికి బ్లౌజు అందని పెళ్లివాళ్లు పెట్టే రివ్యూను ఏ యాడూ చెరపలేదు.

అలాగే, పన్నెండు నెలలూ ఒకేలా ఖర్చు పెట్టకండి. ఆషాఢం సేల్స్‌లో చీరలు కొన్నవాళ్లు శ్రావణంలో కట్టుకోవడానికి వెంటనే బ్లౌజుల కోసం వెతుకుతారు. మీ యాడ్ అప్పుడే కనిపించాలి. శ్రావణం మొదలయ్యాక డబ్బు కుమ్మరిస్తే అప్పటికే వాళ్లు వేరేచోట అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు. బతుకమ్మ, దసరాకూ, మాఘమాసం పెళ్లిళ్లకూ ఇదే పద్ధతి. ఖాళీ నెలల్లో మిగిలింది సీజన్‌కు దాచండి.

రూపాయి ఖర్చు లేని పని మొదట చేయండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (గూగుల్‌లో, మ్యాప్స్‌లో వెతికితే కనిపించే మీ షాపు పేజీ) షాపు వేళలు, ఫోన్ నంబరు, ఈ నెల చేసిన వర్క్ ఫొటోలు పెట్టండి. వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌లో మీ బ్లౌజులను ధరలతో సహా పెట్టండి. ధర దాచి ‘డీఎం (విడిగా మెసేజ్) చేయండి’ అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు.

ఆ తర్వాతే ఇన్‌స్టాగ్రామ్ యాడ్. పోస్టు కింద కనిపించే బూస్ట్ బటన్ నొక్కకుండా, ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా కంపెనీ యాడ్స్ పెట్టుకోవడానికి ఇచ్చే మెటా యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, మ్యాప్‌లో మీ షాపు మీద పిన్ పెట్టి ఏడెనిమిది కిలోమీటర్ల పరిధి ఎంచుకోండి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, ఉప్పల్ అందులోకే వస్తాయి. నొక్కగానే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. వచ్చిన ప్రతి చాట్‌కూ ‘అడిగారు’, ‘అడ్వాన్స్ ఇచ్చారు’ అని లేబుల్ వేయండి. నెలాఖరున లెక్క చూడాల్సింది రెండో లేబులే, లైకులు కాదు. యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అదనం: రూ.4,500 యాడ్‌కు రూ.5,310 అవుతుంది. రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే యాడ్ అకౌంట్‌లో మీ జీఎస్టీ నంబరు ఇవ్వండి, ఇన్‌పుట్ క్రెడిట్‌కు (ఇక్కడ కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి) పనికొస్తుంది.

రేపు ఎవరికి పని అప్పగించినా పేజీ, యాడ్ అకౌంట్ మీ పేరు మీదే ఉండాలి. వాళ్లకు యాక్సెస్ మాత్రమే ఇవ్వండి, పాస్‌వర్డ్ వద్దు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఏసీ రిపేర్ షాపు మాది. గూగుల్ యాడ్స్‌లో రోజుకు రూ.200 పెడితే ఒకరోజు రూ.380 ఖర్చయింది. మోసమా?

జవాబు: కాదు. వెతికేవాళ్లు ఎక్కువున్న రోజు గూగుల్ మీ రోజువారీ బడ్జెట్‌కు రెట్టింపు దాకా వాడుకోవచ్చు. నెల మొత్తం మీద మాత్రం రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లు (నెలకు సగటున అన్ని రోజులు), అంటే మీకు రూ.6,080, దాటదు. టెన్షన్ పడకుండా లొకేషన్ సెట్టింగ్ ఒకసారి చూడండి. మామూలుగా అది మీరు ఎంచుకున్న ఏరియాలో ఉన్నవాళ్లకే కాక, ఆ ఏరియా మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా యాడ్ చూపిస్తుంది. ఆ ఏరియాలో ఉన్నవాళ్లకే కనిపించేలా మార్చండి.