తిరిగే బ్లేడు వద్దు, దంతె చేద్దాం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మ రెండు రోజులుగా ముందు పెట్టుకుని చూస్తున్నాను. యాచారం పొలానికి వెళ్ళే డొంక సర్కారు తుమ్మతో మూసుకుపోయిందనీ, ట్రాక్టర్ పీటీవోకు (ఇంజన్ బలంతో వెనక తిరిగే షాఫ్టు) పాత డిస్కు బిగించి, దానికి గొలుసులు వేలాడదీసి తిప్పితే పొదలన్నీ తెగిపోతాయనీ రాశావు. మీ తాతయ్య ఎడ్లబండి తోలిన బాట అది. దాన్ని మళ్ళీ తెరవాలని నీకు అనిపించినందుకు మీ అమ్మ ఎంత సంబరపడిందో ఫోన్లో ఆమె గొంతు వింటేనే తెలిసింది. కానీ ఆ గొలుసుల మిషన్ మాత్రం చేయకు. ఈ ఒక్క మాట కాదనకు.

పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9. ఆ వేగంలో గొలుసు కడియం ఒకటి తెగితే అది తూటాతో సమానం, ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మన దగ్గర నేల చూశావుగా, సగం పాతుకుపోయిన గుండ్లే అంతా. పొదలు నరికే కంపెనీ మిషన్, అదే స్లాషర్‌కు గేర్‌బాక్స్, జారిపోయే క్లచ్, చుట్టూ మందపాటి రేకు, బ్లేడ్ల బ్యాలెన్స్ ఉంటాయి. షెడ్డులో కూర్చుని అవన్నీ సరిగ్గా కుదర్చడం మన వల్ల కాదు. కవరు లేని షాఫ్టుకు తువ్వాలు కొస తగిలినా మనిషినే చుట్టేస్తుంది. స్లాషరే కావాలంటే అద్దెకు తెచ్చుకో, చేయొద్దు.

ఇంకో సంగతి. సర్కారు తుమ్మను పైపైన నరికితే చావదు. మొదలు దగ్గర, మట్టికి కాస్త కింద వేరు మెడ ఉంటుంది. అక్కడి నుంచి ఒకటికి నాలుగు పిలకలు లేస్తాయి. స్లాషర్ కొట్టిన బాట మళ్ళీ వానలకు ముందుకన్నా గుబురుగా తయారయ్యేది ఇందుకే. దాన్ని మెడతో సహా పీకాలి. తీగ లాగితే డొంకంతా కదలాలి మనకు. అందుకే పళ్ళున్న దంతె చేద్దాం. పీటీవోతో పని లేదు, తిరిగే ముక్క ఒక్కటీ ఉండదు, ట్రాక్టర్ వెనక ఉండే మూడు లింకులకు తగిలించి లాగడమే.

ఫ్రేముకు 100 × 50 సి-ఛానల్ రెండు ముక్కలు, ఒక్కోటి 1500 మిల్లీమీటర్లు, ఎదురెదురుగా పెట్టి డబ్బాలా అతికించు. దాని కింద ఏడు పళ్ళు, 225 ఎడంతో. పళ్ళకు లారీ కమాన్ పట్టీలు వేసి వెల్డింగ్ చేద్దామన్నావు, ఆటోనగర్‌లో చవకని. అది స్ప్రింగ్ స్టీలు. చల్లగా ఉన్నప్పుడు వెల్డింగ్ పెడితే అతుకు పక్కన గాజులా పెళుసెక్కి, ఏదో ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. బోల్టుతో బిగిద్దామంటే దానికి రంధ్రం వేయడానికే డ్రిల్ బిట్లు అరిగిపోతాయి. 16 మిల్లీమీటర్ల మామూలు ఎంఎస్ (మెత్తటి ఇనుము) ప్లేటు తీసుకుని, కొన కాస్త ముందుకు వంపు తిరిగేలా గ్యాస్ కటింగ్ చేయించు. వంగితే కాల్చి సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. పన్నును ఫ్రేముకు నేరుగా అతికించొద్దు. ఫ్రేముకు అతికించిన రెండు ఇనుప పట్టీల మధ్య పెట్టి రెండు బోల్టులు వెయ్యి. పైన 16 మిల్లీమీటర్ల హెచ్‌టీ బోల్టు, అంటే గట్టి రకం, అది ఇరుసు. దానికి 80 మిల్లీమీటర్ల కింద 10 మిల్లీమీటర్ల మామూలు ఎంఎస్ బోల్టు. పన్ను కొన ఇరుసు నుంచి 450 కింద ఉందనుకో, కొన మీద పడిన బరువు చిన్న బోల్టు దగ్గరికి వచ్చేసరికి ఐదున్నర రెట్లు అవుతుంది. కొనకు అర టన్ను పైన తగిలితే చిన్న బోల్టు తెగి, పన్ను వెనక్కి మడుచుకుంటుంది. రూపాయల్లో పోతుంది నష్టం. బోల్టు తలమీద 4.6 అని అచ్చు ఉంటే మెత్తది, 8.8 అంటే గట్టిది. రాణీగంజ్‌లో అడిగి, తల చూసి తీసుకో. చిన్న బోల్టులు ఒక 30 తెచ్చి టూల్ బాక్సులో పడెయ్.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నేను మొదటిసారి ఇలాంటిది చేసినప్పుడు రెండు చోట్లా గట్టి బోల్టే వేశాను. గట్టిగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను. పది గజాలు పోయానో లేదో, మట్టిలోని గుండుకు పన్ను పట్టుకుంది. బోల్టుకు గీత కూడా పడలేదు. ట్రాక్టర్ ఒక్కసారి కుదుపుతో ఆగి, ముందు చక్రాలు జానెడు లేచి కింద పడ్డాయి. దిగి చూస్తే కింది లింకు విల్లులా వంగి ఉంది. ట్రాక్టర్ పొరుగు రైతుది. ఆయన ఏమీ అనలేదు, ఆ వంగిన చోట చేత్తో నిమిరాడు, అంతే. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే. ఏది విరగాలో మనమే ముందు తేల్చకపోతే, విరగకూడనిది విరుగుతుంది.

లింకుల కొలతలకు వద్దాం. లింకుల సైజు కేటగిరీ 1 అయితే కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, పైది 19, కింది పిన్నుల మధ్య ఎడం 683, అక్కడి నుంచి పై పిన్నుకు ఎత్తు 460. కేటగిరీ 2 అయితే అదే వరుసలో 28, 25, 825, 610. నీ బండికి ఏది ఉందో టేపు పెట్టి కొలువు, పక్కవాడి బండి చూసి చేయొద్దు. పిన్ను ఒక పక్క ప్లేటుకే అతికించి గాలిలో వదిలేయకుండా, రెండు ప్లేట్ల మధ్య నుంచి పోనివ్వు. ఈ ప్లేట్లకు మాత్రం 7018 వెల్డింగ్ రాడ్ వాడు, అదీ కాస్త వేడి చేసి ఆరబెట్టిన రాడ్. తుప్పు, రంగు గ్రైండర్‌తో తీసేసి తెల్లటి ఇనుము కనబడ్డాకే పెట్టు. స్లాగ్, అంటే అతుకు మీద గట్టిపడే పొర, సుత్తితో మెల్లగా తడితే పెచ్చులా లేచి రావాలి. పొడిపొడిగా గీకాల్సి వస్తే కరెంటు సరిపోలేదన్నమాట, గ్రైండ్ చేసి మళ్ళీ పెట్టు. ట్రాక్టర్‌కు తగిలించి ఉండగా వెల్డింగ్ పెట్టొద్దు. అంతా కలిపి 110, 120 కిలోలు తూగుతుంది, నీ ట్రాక్టర్ లిఫ్టుకు అది లెక్కే కాదు.

వాడే పద్ధతి తయారీకన్నా ముఖ్యం. ముందు రోజు ఇద్దరు కలిసి కర్రలతో ఆ బాటంతా నడవండి. పొద చాటున పిట్టగోడ లేని పాడుబావి ఉండొచ్చు, మన పక్క అలాంటివి చాలా ఉన్నాయి. పాత ముళ్ళతీగ, రక్తపింజర కూడా. బావి కనబడిన చోట నాలుగు గజాల ఇవతలే గడ కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీయండి. మణికట్టుకన్నా లావున్న మొదళ్ళను గొడ్డలితో తీయండి, అవి దంతె పని కాదు. వేప, చింత లాంటి చెట్టు అడ్డముంటే దాన్ని తప్పించే బాట తిప్పు. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి.

పొద మీదికి ట్రాక్టర్ ఎక్కించొద్దు, ఆ ముళ్ళకు టైర్లు ఆగవు. రివర్స్‌లో పొద దాకా వెళ్ళి, దంతె మొదలు మీద దించి, ఫస్ట్ లో గేరులో ముందుకు రా. చక్రాలు ఎప్పుడూ నువ్వు శుభ్రం చేసిన నేల మీదే ఉంటాయి. వాన పడ్డ మూడు నాలుగు రోజులకు, చల్క నేలలో పదును ఉన్నప్పుడు చేస్తే వేరు మట్టిని వదిలే చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినిపిస్తుంది. ఎండిన నేల మీద మాత్రం బోల్టులే తెగుతాయి.

మొండి మొదలు రాకపోతే గొలుసు తీసుకుని టాప్ లింకుకో, ట్రాక్టర్ వెనక ఇరుసుకో కట్టి లాగాలనిపిస్తుంది. వద్దు నాన్నా. అంత ఎత్తు నుంచి లాగితే ముందు చక్రాలు లేచి, కళ్ళు మూసి తెరిచేలోగా బండి డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. లాగాల్సి వస్తే కింద ఉన్న లాగుడు కడ్డీకే, అదే డ్రాబార్‌కే కట్టు. దంతె కిందికి దించి, ఇంజన్ ఆపాకే పళ్ళలో చిక్కిన కంప తీయండి. పనిచేస్తున్నప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు, పిల్లలు అసలే వద్దు.

పీకిన కంప తగలబెట్టకు. గట్టు మీద పేర్చితే పందులు రాకుండా కంచె అవుతుంది.

షాపు ఇప్పుడు మీ బావ చూసుకుంటున్నాడు, వాడితో చెప్పి ఉంచాను. ఆదివారం పొద్దున్నే బాలానగర్ వచ్చెయ్. కింది పిన్ను లావు, పై పిన్ను లావు, రెండు కింది లింకుల మధ్య ఎడం, వెనక చక్రాల బయటి వెడల్పు, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని రా. ఛానల్ నేను కోయించి పెడతాను.

మీ మామయ్య