రొయ్యల గుంటల కాపలాకు అకిటా పనికొస్తుందా?

అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి, రాత్రిళ్లు దొంగల బెడద, అకిటా జాతి కుక్కను తెచ్చి గట్టు మీద కట్టేద్దామనుకుంటున్నాను, కానీ అది మాట వినదంటున్నారు, నిజమేనా అని అడిగారు. అన్నా, ముందే చెప్పేస్తున్నా, గుంటల కాడికి వద్దు. ఎందుకో తెలియాలంటే మా అకిటా, బంగారి సంగతి చెప్పాలి.

మాది నెల్లూరు, వేదాయపాళెం. మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో పెంచుకుని, కెనడా పోతా పోతా నాలుగేళ్ల కింద దాన్ని మాకు అప్పగించాడు. అప్పటికి దానికి రెండేళ్లు, 32 కిలోలు. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మూతి, నడుం మీదికి చుట్ట చుట్టుకున్న తోక. మొదటి వారం "బంగారీ, దా" అని పిలిస్తే తల తిప్పేది. నా మొహం చూసేది, చేతిలో ఏమన్నా ఉందా అని చూసేది, మళ్లీ తల కాళ్ల మీద పెట్టుకునేది. చెవుడేమో అనుకున్నా. వంటింట్లో అమ్మ ఉడికిన గుడ్డు పెంకు కొట్టిన చప్పుడుకు రెండంగల్లో ఆడ ఉంది!

అంటే వినకపోవడం కాదు. వింటుంది, తర్వాత ఆలోచించుకుంటుంది. జపాన్ ఉత్తరాన అకిటా అనే మంచు సీమ దీని పుట్టినిల్లు. మటగి అనే వేటగాళ్లు వీటి పూర్వీకులను ఎలుగుబంట్ల వేటకు తీసుకెళ్లేవాళ్లు. మంచులో మనిషి వెనకపడిపోతే ఏం చెయ్యాలో కుక్కే తేల్చుకోవాలి. ఆ జాతికి పుట్టింది "కూర్చో" అనగానే కూర్చుంటుందా? ఒకే మాట నాలుగోసారి చెబితే బంగారి లేచి వెళ్లిపోతుంది. అయిదు నిమిషాలు నేర్పి, గుడ్డు ముక్క పెట్టి ఆపేస్తే మాత్రం మర్నాటికీ గుర్తుంటుంది. ఒకసారి కోపమొచ్చి చెప్పు చూపించా. మూడు రోజులు నా చేతి కూడు ముట్టలేదు.

జపాన్‌లో హచికో అనే అకిటా కుక్క కథ విని ముచ్చటపడ్డానని కూడా రాశారు. దాని యజమాని ప్రొఫెసర్ ఉఎనో 1925 మేలో పోతే, 1935 మార్చిలో తాను చచ్చేదాకా ఆయన కోసం టోక్యోలోని షిబుయా స్టేషన్‌కు వస్తానే ఉంది. అది ప్రేమే, కాదనను. కానీ దాదాపు పదేళ్లు మనసు మార్చుకోలేదు చూడండి, నేను రోజూ ఇంట్లో చూసే మొండితనం కూడా అదే.

ఇక కాపలా. ఓసారి గేటు గడియ వెయ్యడం మర్చిపోయాం. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి లోపలికొచ్చేశాడు. బంగారి మొరగలేదు, గుర్రుమనలేదు. మెట్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ అబ్బాయి బండ భుజాన పెట్టుకుని అట్టనే నిలబడున్నాడు, చెమటలు కారతా. ఇంటికి ఇది బాగానే ఉంటుంది. మీ గుంటల కాడ కావాల్సింది గుడిసెలో పడుకున్నోణ్ణి మొరిగి లేపే కుక్క. పైగా మేత వేసేవాళ్లు, పట్టుబడికి వచ్చేవాళ్లు రోజుకొకరు మారతా ఉంటారు. కొత్తవాళ్లను ఇది అంత తొందరగా నమ్మదు. ఊరకుక్కలు గట్టెక్కితే గొడవే, మా వీధిలో తాడు లేకుండా దీన్ని బయటికి తీసుకెళ్లను. ఇంటి మనుషుల మధ్య తిరగాల్సిన దాన్ని ఒంటరిగా కట్టేస్తే బుద్ధి చెడిపోతుంది.

ఎండ సంగతి సరేసరి. దీనికి రెండు పొరల బొచ్చు. రోహిణి కార్తెలో పొద్దున అయిదుకే తిప్పి తెస్తాం, మళ్లీ చీకటి పడ్డాకే బయటికి. పగలంతా కూలర్ ముందు గచ్చు మీద. కరెంటు పోతే దీనికోసమే ఇన్వర్టర్ పెట్టించాం, మా నాయన ఇప్పటికీ దెప్పుతుంటాడు. బొచ్చు గొరిగిస్తే చల్లగా ఉంటుందని ఎవరన్నా చెబితే వినబాకండి, అది సరిగ్గా మళ్లీ రాకపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు లోపలి బొచ్చు ఊడుతుంది. ఆ రెండు మూడు వారాలు ఇల్లంతా దూదేకినట్టే. మన దగ్గర వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో తడి ఆరక చర్మం పుళ్లు, పిడుదులు. వేళ్లతో బొచ్చు విడదీసి మరీ చూడాలి.

మాకు జరిగిన పెద్ద పొరపాటు చెబుతా. అమ్మ ముద్దు చేసి, ముళ్లు తీసి, చేపల పులుసు కలిపిన అన్నం రెండు రోజులు పెట్టింది. నాలుగో రోజుకు చిగుళ్లు తెల్లగా పాలిపోయినాయి, ఉచ్చ కాఫీ రంగులో పోసింది. డాక్టరు అడిగిన మొదటి మాట, "ఉల్లిపాయ పెట్టారా?" ఏ కుక్కకైనా ఉల్లి విషమే. అకిటాల్లో కొన్నిటికి రక్తంలోని ఎర్రకణాల్లో పొటాషియం ఎక్కువ, ఆ కణాలు ఉల్లికి ఇంకా తొందరగా పగిలిపోతాయంట. సెలైన్లు, మందులతో పది రోజులకు కోలుకుంది. అమ్మ మాత్రం చాన్నాళ్లు చేపల పులుసు వండలేదు.

ఇంకోటి. 2024 మార్చిలో కేంద్రం ప్రమాదకరమైన జాతులంటూ రాష్ట్రాలకు పంపిన జాబితాలో అకిటా పేరు కూడా ఉంది. తర్వాత నెలలోనే హైకోర్టుల్లో ఆ ఉత్తర్వు కొట్టేశారు. అయినా కొనేముందు మీ పంచాయతీలో లైసెన్సు సంగతి కనుక్కోండి.

గుంటలకైతే ఊళ్లోనే రెండు నాటు పిల్లల్ని తెచ్చుకుని, కాపలా ఉండే మనిషి చేత్తోనే కూడు పెట్టించండి. ఆర్నెల్లలో గట్టు మీద ఆకు కదిలినా మొరుగుతాయి. అకిటా మీద మోజు తీరకపోతే ఒక మే నెల మధ్యాహ్నం మా ఇంటికి రండి, గేటు కాడ నిలబడి ఫోన్ చెయ్యండి, నేనొచ్చి తీసుకెళ్తా.