స్టేజి మీద వినైల్ మ్యాట్ ఉబ్బుతుంటే

డాన్స్ కోసం స్టేజి మీద పరిచే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) మ్యాట్ ఎందుకు ఉబ్బుతోందని అడిగారు. చుట్ట విప్పిన వెంటనే టేప్ వేసేయడం వల్లే ఆ ఉబ్బులు. రిహార్సల్లో బాగానే ఉంది, షోలో దొర్లే చోట కాలు తట్టుకుంటోంది అన్నారు కదా, గుర్తు అదే. లైట్ల వేడికి వినైల్ సాగుతుంది. అంచులు ముందే బిగించేస్తే, సాగింది ఎటూ పోలేక మధ్యలో లేస్తుంది.

చాలామంది చేయడం మరిచేది ఒక్కటే: పరిచాక మ్యాట్‌ను కాసేపు అలా వదిలేయడం.

1. ముందు నేల శుభ్రంగా ఊడ్చండి. కింద ఒక్క ఇసుక రేణువున్నా మోకాలికి గుచ్చుకుంటుంది.

2. మ్యాట్ పట్టీలన్నీ పరిచి, టేప్ జోలికి పోకండి. ముందురోజు రాత్రే పరిస్తే మేలు. కుదరకపోతే రెండు మూడు గంటలైనా, లైట్లు వేసి ఉంచి. బెంగళూరు డిసెంబరు చలిలో వ్యాన్‌లో వచ్చిన చుట్ట మరీ బిర్రుగా ఉంటుంది, దానికి ఇంకాస్త టైమివ్వండి.

3. పట్టీల మధ్య గోరు మందం సందు వదిలి, ఒక్కో పట్టీని మధ్య నుంచి చివరలకు టేప్ చేస్తూ వెళ్లండి.

4. తుడవడానికి పిండిన తడిగుడ్డ చాలు. ఫినాయిల్ వద్దు, జారుతుంది. పడేది డాన్సరే.

మీ షో బెంగళూరులోని రంగశంకర థియేటర్లో అన్నారు. అక్కడ సరిగ్గా టైముకి మొదలుపెడతారు, కాబట్టి ఆ మూడు గంటలు ఇప్పుడే షెడ్యూల్లో రాసుకోండి.

ఇప్పటికే ఉబ్బి ఉంటే ఒక చివర టేప్ ఊడదీసి, సాక్సులు వేసుకున్న పాదాలతో ఉబ్బును అటువైపు తోసుకుంటూ వెళ్లి, మళ్లీ అంటించండి.