అబ్బాయి ఆవులు పెడతానంటున్నాడు, మీ భయం ఆవుల గురించి కాదు సార్

జనగామ వైపు నుంచి ఒక నాన్నగారు రాశారు. అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఐటీలో ఉన్నాడట. ఇప్పుడు జాబ్ మానేసి ఊళ్లో ఉన్న 8 ఎకరాల్లో గుజరాత్ నాటు జాతి గిర్ ఆవుల్ని పదింటిని పచ్చిక మీద మేపి, గ్రాస్-ఫెడ్ ఎ2 పాలు సీసాల్లో అమ్ముతా అంటున్నాడు, వద్దంటే న్యూజిలాండ్ పోయి డెయిరీ కోర్సు చేస్తా అంటున్నాడు. "రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి మేడమ్. మేం బర్రెలమ్మి చదివిస్తే మళ్లీ పేడ దగ్గరికే వస్తానంటున్నాడు, రేపు పిల్లనెవరిస్తారు?" అన్నారు.

పోలుస్తాను సార్. కానీ మీ అసలు ప్రశ్న ఆ చివరి ముక్కే అని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇలాంటి ప్రశ్నలు నాకు నెలకి రెండైనా వస్తాయి, ఒక్కోసారి ఆవుల ప్లేస్‌లో మేకలుంటాయి, డ్రాగన్ ఫ్రూట్ ఉంటుంది, అంతే తేడా.

ముందు వాడి ప్లాన్ సంగతి. ఈ గ్రాస్-ఫెడ్ ఎ2 మీద నాకు నమ్మకం తక్కువ. ఎ2 అంటే పాలల్లో బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో ఒక రకం. మన నాటు ఆవుల్లో ఎక్కువగా ఉండేది అదే, బర్రె పాలల్లోనూ అదే. అంటే మీరు ఇన్నేళ్లూ పోసినవి ఎ2 పాలే, సీసా మీద రాయలేదంతే. 2024 ఆగస్టులో ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన తిండి పదార్థాల మీద రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, ప్యాకెట్ల మీద ఎ2 అన్న మాట తీసేయమంది, ఐదారు రోజులకే ఆ ఆర్డర్ వెనక్కి తీసుకుంది. అలా ఒక్క సర్క్యులర్‌తో ఊగిపోయే మాట మీద 15 లక్షలు పెడతానంటే నాకైతే భయమే.

ఇక పచ్చిక. న్యూజిలాండ్‌లో చాలా చోట్ల వాన ఏడాది పొడుగునా పడుతుంది, రైగ్రాస్, క్లోవర్ లాంటి మేత మొక్కలు పెరుగుతూనే ఉంటాయి, ఆవు తనే నడుచుకుంటూ పోయి మేసి వస్తుంది కాబట్టి వాళ్లకి పాలు చవగ్గా పడతాయి. మీ దగ్గర జూన్ నుంచి నవంబర్ దాకా పచ్చగా ఉంటుంది, మార్చికి నేల పగుళ్లు. అప్పుడిక బోరు కింద సూపర్ నేపియర్ గడ్డి వేసి, కోసి, చాఫ్ కట్టర్‌లో పెట్టి ముందర వెయ్యాల్సిందే. అది తప్పేం కాదు, నేను చెప్పేదీ అదే చెయ్యమని, కానీ అప్పుడు లేబుల్ మీద పచ్చిక బయలు బొమ్మ వెయ్యొద్దు.

లెక్క కూడా చూద్దాం. పది ఆవుల్లో ఎప్పుడు చూసినా కొన్ని చూడితో ఉంటాయి, ఒట్టిపోయి ఉంటాయి. ఆరు పాలిస్తున్నాయనుకోండి, ఒక్కోటి ఏడు లీటర్లు, మొత్తం 42. లీటరు వంద చొప్పున అన్నీ అమ్ముడైతే రోజుకి 4200. సగమే సీసాల్లో పోయి మిగతావి పాల సెంటర్లో 40కి పోస్తే 2940. ఇందులోంచే దాణా, జీతగాళ్లు, పెట్రోలు, డాక్టరు. ఆవుల రేటు, ఈఎంఐ నేనింకా ముట్టుకోలేదు. మగ దూడల్ని ఏం చేస్తారో కూడా అబ్బాయి ప్లాన్‌లో ఉండదు, ఎవరి ప్లాన్‌లోనూ ఉండదు.

నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఇట్లాంటిదే పెట్టాడు, చూద్దామని ఒక సంక్రాంతి ముందు వెళ్లాను. రాత్రి పది దాటాక వాడి ఫోన్లో వరసగా వాట్సాప్ మెసేజీలు, "బ్రో రేపట్నుంచి ఐదు రోజులు పాలొద్దు, ఊరెళ్తున్నాం." హైదరాబాద్ సగం ఖాళీ అయింది గానీ ఆవులకి పండగ తెలీదు కదా, పొద్దున నాలుగింటికి పొదుగులు నిండే ఉన్నాయి. అంతకుముందు ఛఠ్ పండక్కి ఊరెళ్లిన, షెడ్‌లో పనిచేసే బీహార్ కుర్రాళ్లలో ఒకడు తిరిగి రాలేదు. వీడే దూడని వదిలి, చేపాక పక్కకి లాగి కట్టేసి కూర్చుని పితికాడు, చాలా గిర్ ఆవులు దూడ ముట్టందే చేపవు, అంటే పాలు వదలవు, మిషన్ పెడితే అన్నీ అయిపోతాయనుకుని దిగాడు పాపం. ఆ రోజు మిగిలిన పాలు వాళ్లమ్మ పెద్ద గిన్నెలో పోసి కోవా కాస్తూ కూర్చుంది, ఎవరూ మాట్లాడలేదు. ఫామ్ మూతపడలేదు లెండి, ఆవులు తగ్గించి బర్రెలు తెచ్చాడు, ఇప్పుడు పెరుగు కోసం చుట్టుపక్కల హోటళ్లే వచ్చి తీసుకెళ్తున్నాయి.

న్యూజిలాండ్ గురించి. లింకన్, మాసీ యూనివర్సిటీల్లో చదువు బావుంటుంది, కానీ డిగ్రీతో ఫామ్ రాదు. అక్కడ కింద నుంచి ఎక్కాలి, అసిస్టెంట్, హెర్డ్ మేనేజర్, ఆ తర్వాత షేర్‌మిల్కర్, అంటే ఆవులు నీవి, భూమి ఇంకొకరిది, పాల డబ్బు చెరి సగం. వీళ్లు జూన్ 1న ఆవుల్నీ పిల్లల్నీ సామాన్నీ వేసుకుని ఇంకో ఫామ్‌కి మారిపోతుంటారు. జులై, ఆగస్టుల్లో, అంటే అక్కడి చలికాలంలో, వానలో, బురదలో వందల ఆవులు ఒక్కసారే ఈనుతాయి. అక్కర్లేని దూడల్ని నాలుగైదు రోజులకే కబేళా లారీ ఎక్కించడం కూడా ఉద్యోగంలో భాగమే, మీవాడికి అది ఎవరైనా చెప్పారా? రేటూ రాయి మీద రాసింది కాదు. ఫాంటెరా అనే వాళ్ల కోఆపరేటివ్ 2013-14 సీజన్‌లో కిలో మిల్క్ సాలిడ్స్‌కి, అంటే పాలల్లోని వెన్న, ప్రొటీన్‌కి, 8.40 న్యూజిలాండ్ డాలర్లిచ్చి, మరుసటి ఏడాది 4.40 ఇచ్చింది. పచ్చిక పని నేర్చుకోడానికి గొప్ప చోటు, అప్పు చేసి పారిపోడానికి మాత్రం కాదు.

ఇప్పుడు మీ సంగతి, కోపం తెచ్చుకోకండి. బర్రెలమ్మి ఫీజు కట్టామని రాశారు, అంటే ఆ ఇంటిని ఇన్నాళ్లు నిలబెట్టింది పాలే కదా, మరి ఆ పేడ అంటే అంత నామోషీ దేనికి? వాడు చిన్నప్పుడు మీ పక్కన చూసింది ఆ పనే, రెండేళ్లు ఏసీలో కూర్చున్నాక అదే గుర్తొచ్చింది, అది చెడిపోవడం కాదు సార్. పిల్లనెవరిస్తారంటారా, ఐటీలో ఉన్నా రేపు లేఆఫ్ అయితే అదే అడుగుతారు. ఇరవై నాలుగేళ్లవాడు ఒక ఏడాది అటూ ఇటూ అయితే కొంప మునగదు, జాబ్‌లోకి తిరిగి పోవచ్చు, నా దగ్గరే అలా వెళ్లినవాళ్లున్నారు.

కాకపోతే మానేసే ముందు ఒక పని చెయ్యమనండి. సెలవు పెట్టి నలభై రోజులు వేరేవాళ్ల షెడ్‌లో, జీతం లేకపోయినా సరే, రెండు పూటలా పితకాలి, పొదుగువాపు వచ్చిన ఆవు పక్కన ఒక రాత్రి ఉండాలి, పాల సెంటర్‌లో ఫ్యాట్ శాతం తక్కువ చూపించారని గొడవపడాలి. అప్పటికీ కావాలంటే రెండు బర్రెలు, ఎకరం నేపియర్, పాలు పోయడానికి పది ఇళ్లు. గిర్లు, సీసాలు తర్వాత.

ఇంకొకటి అడగాలి. మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. అమ్మాము, చదివించాము అని ఉంది గానీ ఆ బర్రెల్ని తెల్లారుజామున లేచి పితికిందెవరో ఎక్కడా లేదు. మీరు కాదని నా అనుమానం. రేపు కుర్రాళ్లు రాని రోజు షెడ్‌లోకి వెళ్లేదీ ఆవిడే, మోకాళ్లు ఎలా ఉన్నాయో, అసలు ఆవిడకి ఇష్టమో కాదో ఇద్దర్లో ఎవరైనా అడిగారా? ఈసారి ఉత్తరం ఆవిడని రాయమనండి, రాయలేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టమనండి. బర్రెల్ని తోలుకెళ్లిన రోజు ఆవిడ ఏమందో కూడా చెప్పమనండి, వింటాను.