సంఘటనలున్నాయి, ఘర్షణ లేదు

నమస్తే అండీ. మీ కథ చదివాను. అందులో సూరమ్మ గుణుపూర్ రైల్లో వచ్చి పర్లాకిమిడిలో దిగుతుంది, బజారు తిరుగుతుంది, అన్నతో ఇల్లు అమ్మకం గురించి మాట్లాడుతుంది, వెళ్లిపోతుంది. చదివినవాళ్లు "బాగుంది గానీ ఏమీ జరగలేదు" అన్నారని బాధపడ్డారు. లోపం భాషలో లేదండీ, మీ భాష నాకెంతో నచ్చింది. సూరమ్మకి ఏం కావాలో ఎక్కడా తెలియడం లేదు.

ఇల్లు అమ్మనివ్వకూడదని ఆమె పట్టుదల అనుకోండి. అలాగని అన్నని దురాశపరుడిని చెయ్యొద్దు. కూతురి పెళ్లికి చేసిన అప్పుంది, అతని మాటా న్యాయమే. ఇద్దరి పక్షానా న్యాయం ఉన్నప్పుడే చదివేవాడికి టెన్షన్. ఇంకాస్త లోపలికి వెళ్లండి: ఏళ్ల తరబడి ఆ గడప తొక్కనిది తనే. బయటి గొడవ అన్నతో, లోపలిది తనతోనే.

నాన్న కొమ్ముపని (పశువుల కొమ్ముతో బొమ్మలు చెక్కే పని) సామాను గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అయ్యో, కథంతా అక్కడే ఉంది! సగం చెక్కిన కొంగ, పక్కన అరిగిన ఆకురాయి. అన్న వాటిని పాత సామాన్లవాడికి వేసేస్తుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టాలి. అదే పతాక సన్నివేశం.

జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ 1863లో నాటకాన్ని ఐదు అంచెలుగా విడదీసి చూపించాడు. తెలుసుకోండి, కానీ చిన్నకథని అందులో బలవంతంగా ఇరికించకండి.

బజారు సీను తీసేసి చదవండి. కథ మారకపోతే అది అక్కర్లేదు. ఉంచాలనుకుంటే, ఇల్లు కొనేవాడు అక్కడే ఎదురై అడ్వాన్సు ఇచ్చేశానని చెప్పాలి.