ఎనిమిదో హెన్రీ సమాధి అబీలో దొరకదు

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీ చర్చి అంతా తిరిగినా ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ సమాధి కనబడలేదన్నారు కదా, అది అక్కడ లేదండీ. విండ్సర్ కోటలోని సెయింట్ జార్జ్ చాపెల్‌లో ఉంది.

1. విండ్సర్‌కి ఆదివారం వెళ్ళొద్దు. ఆ రోజు కోట చూడొచ్చు గానీ, చాపెల్ ప్రార్థనలకే.

2. చాపెల్‌లో క్వైర్ (గాయక బృందం కూర్చునే భాగం) మధ్య ఆగి కిందికి చూడండి. అందరూ పొరబడేది ఇక్కడే. విగ్రహం లేదు, మండపం లేదు, నేలలో ఒక నల్ల పాలరాతి పలక, అంతే. హెన్రీ, మూడో భార్య జేన్ సీమోర్, తర్వాతి కాలపు రాజు మొదటి చార్లెస్ దాని కిందే ఉన్నారు. పైకప్పు అందం చూస్తూ నడిస్తే దాటిపోతారు. (ఆయన ఘన సమాధి కోసం ఉంచిన రాతి పేటిక చివరికి లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో నౌకాదళ వీరుడు నెల్సన్‌కి దక్కింది!)

3. అబీ టికెట్ వృథా ఏం కాలేదు. హెన్రీ కూతురు మొదటి ఎలిజబెత్ సమాధి అక్కడే ఉంది; అందులోనే అక్క మేరీ కూడా ఉంది, బొమ్మ మాత్రం చెల్లెలిదే.