ఐర్లాండ్‌లో రగ్బీ లీగ్ ఎవరితో చెయ్యి కలపాలి?

రగ్బీ రెండు రకాలు: జట్టుకి పదమూడు మంది ఆడేది లీగ్, పదిహేను మంది ఆడేది యూనియన్. "ఐర్లాండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్బులు ఊరూరా ఉన్నాయి కదా, వాటితో కలిస్తే లీగ్ పెరగదా?" అని అడిగారు. పెరుగుతుంది, మైదానం అడక్కపోతే. గేలిక్ మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు, గోల్ స్తంభాల మధ్య 6.5, అడ్డకర్ర ఎత్తు 2.5. లీగ్‌కి కావాల్సింది 100, 5.5, 3. గీతలు మళ్లీ గీసుకోవచ్చు, స్తంభాలు పీకి పాతలేం కదా! మైదానం రగ్బీ యూనియన్ క్లబ్బులో అడగండి. పది మీటర్లకో గీత వేసుకుంటే చాలు. యూనియన్ సీజన్ చలికాలంలో, లీగ్ వేసవిలో, అప్పటికి ఆ మైదానం ఖాళీ.

గేలిక్ వాళ్లని అడగాల్సింది కుర్రాళ్లని. ఐదో ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి ఆపడం) తర్వాత పైకి తన్నిన బంతిని గుంపులో ఎగిరి పట్టడం వాళ్లకి చిన్నప్పటి విద్య. వింగ్‌లోనో (మైదానం అంచున) ఫుల్‌బ్యాక్‌లోనో (అందరి వెనక) పెట్టండి. చిక్కల్లా ట్యాకిల్‌లోనే. గేలిక్‌లో భుజంతో భుజాన్ని తోయడం వరకే, నడుం పట్టి పడేయడం ఉండదు. అందుకే కొత్తవాడు పరిగెత్తేవాడి ముందు తల పెడతాడు, మోకాలొచ్చి కణతకి తగులుతుంది. మొదటి రెండు వారాలు మోకాళ్ల మీద ఉంచి, నడిచొచ్చేవాణ్ణే పట్టించండి. చెంప అవతలివాడి పిరుదుకి ఆనాలి, తల వెనక పక్కన ఉండాలి, ఆ తర్వాతే చేతులు బిగించాలి.

యూనియన్ వాడి జబ్బు వేరు. పడగానే బంతిని వెనక్కి పెట్టి అక్కడే పడుకుంటాడు, మిగతావాళ్లు మీదికి ఉరుకుతారు. లీగ్‌లో లేవాలి, ఎదురుగా తిరగాలి, బంతి నేల మీద పెట్టి పాదంతో వెనక్కి దొర్లించాలి. డిఫెన్స్ పది మీటర్లు వెనక్కి పోవాలి. ఇది ఒంటబట్టేదాకా పెనాల్టీల వరదే.

"మా వాళ్లని ఎత్తుకుపోతారు" అనే యూనియన్ క్లబ్బులవాళ్లకి బ్రయన్ కార్నీ పేరు చెప్పండి. కార్క్‌లో పుట్టి, ఇంగ్లండ్ క్లబ్ విగన్‌కి లీగ్ ఆడి, 2007లో ఐర్లాండ్ యూనియన్ జట్టుకి ఆడాడు. జాతీయ లీగ్ జట్టు 2000 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ చేరిందని మురిసేవాళ్లతోనే నా పేచీ. తాతముత్తాతలు ఐరిష్ అయిన ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆటగాళ్లతో గెలిస్తే డబ్లిన్‌లో ఒక్క క్లబ్బైనా పుడుతుందా?

ఇక తేదీలు. గేలిక్ క్లబ్ ఛాంపియన్‌షిప్ ఉన్న వారాంతం జోలికి పోవద్దు. వారం మధ్యలో ఓ సాయంత్రం, సగానికి 9 నిమిషాల చొప్పున నైన్స్ (తొమ్మిదేసి మంది ఆడే పొట్టి లీగ్) పెట్టండి. గేలిక్ వాళ్ల గాయాల నిధి వాళ్ల ఆటలకే వర్తిస్తుంది, కాబట్టి లీగ్‌కి వేరే బీమా తీసుకుని, ఆ కాగితం చేత్తో పట్టుకుని గేలిక్ క్లబ్ సెక్రటరీని కలవండి.